కొత్త మోడెం ప్రమాణం వస్తే నెట్‌వర్కింగ్ షేరును ఎట్లా లెక్కగట్టాలి: నల్లగొండ, పాలమూరు మదుపరులకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండ గడియారం సెంటర్‌లోనైనా, పాలమూరు న్యూటౌన్‌లోనైనా నెట్‌వర్కింగ్ షేర్ల మాట వస్తే వాదన రెండు ముక్కల్లో నడుస్తుంది. "వైఫై 7 వచ్చింది, పది గిగాల ఫైబర్ వస్తోంది, ఇగ ఈ కంపెనీ ఆగదు" అని ఒకరు. "చైనా డబ్బా తక్కువకు దొరుకుతుంటే మనోళ్ల సరుకు ఎవరు కొంటరన్నా?" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఇద్దరి దగ్గరా లెక్క లేదు.

ప్రమాణం అంటే ఎవరి పరికరమైనా ఇంకొకరి దానితో కలిసి నడవడానికి రాసుకున్న నియమాల కాగితం. అది అందరిది. ఆ కాగితం ఏ కంపెనీ అయినా చదువుకోవచ్చు, ఆ సరుకు ఏ కంపెనీ అయినా తయారు చేయవచ్చు. షేరును నడిపేది ఆ ప్రమాణం మీద మన కంపెనీ ఏ వస్తువు అమ్ముతుంది, ఎన్ని, ఎంతకు, ఏ ఏడాదిలో, పైసలు చేతికి ఎప్పుడొస్తాయి అన్నవి. ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకునే పద్ధతి కింద ఉంది. ఒక నోటుబుక్కు, కంపెనీ గత మూడేళ్ల వార్షిక నివేదికలు, చివరి నాలుగు త్రైమాసికాల కాన్ఫరెన్స్ కాల్ (ఫలితాల మీద యాజమాన్యం మదుపరులతో మాట్లాడే కాల్) ప్రతులు దగ్గర పెట్టుకోండి. ఇవన్నీ ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలో కంపెనీ పేరు కొడితే ఉచితంగానే దొరుకుతాయి.

మొదటి పని: ప్రమాణం ఏ మెట్టు మీద ఉందో తేదీలతో రాయండి

"వచ్చింది" అనే మాటకు ఇక్కడ ఐదు అర్థాలున్నాయి. ముసాయిదా సిద్ధమైందా, ప్రమాణ సంస్థ ఆమోదించిందా, పరికరాలకు ధ్రువీకరణ మొదలైందా, మన ప్రభుత్వం అనుమతించిందా, ఇంటర్నెట్ ఇచ్చే ఆపరేటర్ టెండర్ పిలిచాడా? కంపెనీకి రూపాయి వచ్చేది ఐదో మెట్టు తర్వాతే. వార్తలు మాత్రం మొదటి మెట్టు నుంచే మొదలవుతాయి, షేరు కూడా అప్పుడే ఎగురుతుంది.

వైఫై 7నే చూడండి. వైఫై కంపెనీల కూటమి వైఫై అలయన్స్ ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలైంది. దాని అసలు బలం 320 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానళ్లు, అవి 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే కుదురుతాయి. అమెరికా 2020లోనే ఆ బ్యాండ్‌లో 1,200 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వదిలింది. మన దగ్గర 5925 నుంచి 6425 దాకా, అంటే 500 మెగాహెర్ట్జ్‌కే 2025 మేలో ముసాయిదా నిబంధనలు వచ్చాయి. అందులో 320 చానల్ ఒక్కటే పడుతుంది. కాబట్టి అమెరికా బ్రోకర్ నివేదికలోని అమ్మకాల అంచనాను తెచ్చి మన కంపెనీకి అతికిస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఫైబర్ వైపు ఇంకా స్పష్టం. రెండు వైపులా 10 గిగాబిట్లు ఇచ్చే ఎక్స్‌జీఎస్-పాన్ ప్రమాణాన్ని అంతర్జాతీయ టెలికాం ప్రమాణ సంస్థ ఐటీయూ ఆమోదించింది 2016లో. మన చిన్న పట్టణాల్లో ఈ రోజుకూ గోడకు కనిపించేవి చాలావరకు పాత తరం ఫైబర్ పద్ధతులైన జీపాన్, ఈపాన్ డబ్బాలే. బత్తాయి తోట పెట్టిన నల్లగొండ రైతుకు ఇది కొత్త కాదు: మొక్క నాటాక కాపుకు నాలుగైదేళ్లు ఆగాలి, ఆ లోపల పెట్టుబడి ఆగదు. ప్రమాణానికీ ఆదాయానికీ మధ్య ఎడం అలాంటిదే. ఆ ఎడంలో కంపెనీ పరిశోధన ఖర్చు పెరుగుతుంది, అమ్మకం పెరగదు. అందుకే కొత్త ప్రమాణం వచ్చిన మొదటి రెండు మూడేళ్లు లాభం తగ్గడం చాలాసార్లు జరుగుతుంది.

నాలుగో మెట్టు దగ్గర రెండు కాగితాలు అడగండి. టెలికాం ఇంజనీరింగ్ సెంటర్ వారి తప్పనిసరి పరీక్ష, ధ్రువీకరణ పత్రం ఒకటి. 2021 జూన్ 15 నుంచి అమల్లో ఉన్న విశ్వసనీయ సరఫరాదారు నిబంధన కింద ఆమోదం రెండోది. టెలికాం ఆపరేటర్ తన నెట్‌వర్క్‌లో కొత్తగా పెట్టే పరికరం విశ్వసనీయ సరఫరాదారు దగ్గర కొన్నదే అయి ఉండాలి. "చైనా సరుకు ముందు నిలవదు" అనే వాదన కొంత వీగేది ఇక్కడే. అయితే ఈ నిబంధన గట్టిగా పనిచేసేది లైసెన్సున్న ఆపరేటర్ నెట్‌వర్క్ మీద. జనం దుకాణంలో కొనుక్కునే రౌటర్ దగ్గర పోటీ పోటీయే.

రెండో పని: తీగ వెంట నడిచి కంపెనీ ఎక్కడుందో చూడండి

ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీ, అంటే ఫైబర్ మీద ఇళ్లన్నిటికీ ఇంటర్నెట్ పంపే ప్రధాన యంత్రం ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి ఒక ఫైబర్ బయలుదేరి, స్తంభం మీది స్ప్లిటర్‌లో 32 లేదా 64 పాయలుగా చీలుతుంది. ఒక్కో పాయ చివర ఇంట్లో ఓఎన్‌టీ డబ్బా, జనం మోడెం అనేది దీన్నే. చాలామటుకు వైఫై రౌటర్ ఆ డబ్బాలోనే కలిసి ఉంటుంది. చిప్ చేసేవాళ్లు, ఓఎల్‌టీ చేసేవాళ్లు, డబ్బా చేసేవాళ్లు, ఫైబర్ లాగేవాళ్లు, అన్నీ తెప్పించి బిగించే కాంట్రాక్టర్లు: మార్కెట్లో అందరినీ "నెట్‌వర్కింగ్ షేరు" అనే అంటారు. కొత్త ప్రమాణం వీళ్లందరికీ ఒకే తీరున మేలు చేయదు.

జనం ఎక్కువగా పొరబడేది ఫైబర్ కంపెనీల దగ్గర. జీపాన్ కిందికి 1490, పైకి 1310 నానోమీటర్ల కాంతిని వాడుతుంది. ఎక్స్‌జీఎస్-పాన్ కిందికి 1577, పైకి 1270 వాడుతుంది. రంగులు వేరు కాబట్టి రెండూ ఒకే ఫైబర్‌లో ఒకేసారి నడుస్తాయి. చాలామంది కేబుల్ ఆపరేటర్లు అదే పోగులో 1550 మీద టీవీ కూడా పంపుతారు. అంటే ఆపరేటర్ 10 గిగాలకు మారినప్పుడు నేలలో ఉన్న ఫైబర్ అట్లాగే ఉంటుంది, స్ప్లిటర్ కూడా అదే. మారేవి ఆ చివరి ఓఎల్‌టీ కార్డు, ఈ చివరి డబ్బా. "10 జీ వస్తోంది కాబట్టి ఫైబర్ షేరు కొనండి" అనేవాళ్లను ఒక్క మాట అడగండి: కొత్త తీగ ఎందుకు కావాలి? పల్లెలకు ఫైబర్ వేసే ప్రభుత్వ పథకం భారత్‌నెట్ లాంటి కొత్త తవ్వకం పనులు ఫైబర్ కంపెనీకి ఆదాయం తెస్తాయి. మోడెం ప్రమాణం మారినంత మాత్రాన తేదు.

కంపెనీ ఏ ముక్కలో ఉందో వార్షిక నివేదికలోని సెగ్మెంట్ సమాచారం (వ్యాపార విభాగాల వారీ లెక్క) చెబుతుంది. అక్కడే ఇంకో వరుస చదవండి. ఆదాయంలో 10 శాతం, అంతకు మించి ఇచ్చే కస్టమర్ ఉంటే ఇండ్ ఏఎస్ 108 అనే అకౌంటింగ్ నియమం ప్రకారం ఆ సంగతి చెప్పి తీరాలి. పేరు చెప్పకపోయినా ఎంత ఆదాయమో చెబుతారు.

మూడో పని: ఆపరేటర్ మారాల్సిన అవసరం ఉందా?

ఇది భాగహారం. జీపాన్ పోర్టు కిందికి ఇచ్చేది 2,488 మెగాబిట్లు. 64 ఇళ్లు ఒకేసారి పూర్తి జోరుగా వాడితే ఇంటికి 39 చొప్పున వస్తుంది, 32 ఇళ్లయితే 78. కానీ 64 ఇళ్లూ ఒకేసారి అట్లా వాడవు. ఒక ఇంట్లో సినిమా, ఒక ఇంట్లో ఫోన్లో వీడియోలు, పది ఇళ్లకు తాళం. అందుకే 50, 100 మెగాబిట్ల ప్లాన్లు అమ్మే దేవరకొండ, నాగర్‌కర్నూల్ ఆపరేటర్ పాత జీపాన్ మీదే బండి లాగగలడు. రాత్రి 8 నుంచి 11 మధ్య పోర్టు నిండుతుంటే అతనికి ముందున్న చవక దారి 64 ఇళ్లను రెండు పోర్టులకు పంచడం. 10 గిగాల కార్డు కొనడం ఆ తర్వాతి మాట. అతను నిజంగా మారేది 500 మెగాబిట్లు, ఒక గిగా ప్లాన్లకు గిరాకీ వచ్చినప్పుడు, లేదా పక్క వీధిలో పోటీవాడు మారినప్పుడు.

ఇంకో సంగతి. "10 గిగాబిట్లు" అన్నది పోర్టు సామర్థ్యం, ఇంటి వేగం కాదు. దాన్ని ఇంటి వేగంగా చూపిస్తూ గిరాకీ లెక్క చెప్పే నివేదిక కనిపిస్తే మిగతా పేజీల మీద సమయం పెట్టకండి.

నాలుగో పని: ఊళ్లో విచారణ

పెద్ద ఫండ్ మేనేజర్ హైదరాబాద్ దాటి రాడు. ఈ పని మీరు సాయంత్రం పూట చేయగలరు. మీ వీధి కేబుల్ ఆపరేటర్ దగ్గర కూర్చొని నాలుగు ప్రశ్నలు వేయండి. పోయిన ఆరు నెలల్లో ఏ డబ్బాలు తెప్పించావు? హోల్‌సేల్‌లో డబ్బా ధర పోయినేటి కంటే ఎంత తగ్గింది? ఎన్ని కాలిపోయి వెనక్కి వచ్చాయి, మార్చి ఇవ్వడానికి ఎన్నాళ్లు పట్టింది? ఈ కంపెనీ ఓఎల్‌టీకి వేరే కంపెనీ డబ్బా తగిలిస్తే నడుస్తుందా?

చివరి ప్రశ్న చాలా విలువైనది. నడుస్తుంది అంటే ఆపరేటర్ రేపు ఎవరి డబ్బా అయినా కొంటాడు, మన కంపెనీకి ధర మీద పట్టు లేదు. నడవదు, లేదా నడిచినా సగం సెట్టింగులు దూరం నుంచి మార్చలేం అంటే, ఓఎల్‌టీ అమ్మిన కంపెనీకి డబ్బాల వ్యాపారం కూడా కొన్నాళ్లు దక్కుతుంది. వర్షాకాలం పిడుగులకు అడాప్టర్లు, ఈథర్‌నెట్ పోర్టులు పోవడం మన దిక్కున మామూలే. వెనక్కి వచ్చిన డబ్బాల లెక్క చెప్పేటప్పుడు వాటిని తీసేసి అడగండి, లేకపోతే కంపెనీ తప్పు కానిది కంపెనీ ఖాతాలో రాస్తారు. డబ్బా వెనక చీటీ కూడా చదవండి: పైన ఆపరేటర్ పేరున్నా, తయారీదారు పేరు, తయారైన దేశం అక్కడ ఉంటాయి.

ఒక పట్టణం మాటతో దేశం లెక్క కట్టవద్దు. మిర్యాలగూడలో, జడ్చర్లలో, వనపర్తిలో వేర్వేరు ఆపరేటర్లను అడిగి ముగ్గురూ ఒకే దిక్కు చూపిస్తేనే దాన్ని సూచనగా తీసుకోండి. ఒక హద్దు ఉంది. కంపెనీలో పనిచేసే బంధువు "పెద్ద ఆర్డర్ వస్తోంది బావా, ఎక్స్చేంజీకి ఇంకా చెప్పలేదు" అంటే దాని మీద కొనడం సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం నేరం. ఆపరేటర్ తన దుకాణం సంగతి చెప్పడం వేరు, కంపెనీ లోపలి రహస్యం వేరు.

ఐదో పని: లెక్క వేయండి

కింద ఉన్నవన్నీ పద్ధతి చూపడానికి అనుకున్న అంకెలే. మీ కంపెనీ అంకెలు వాటి చోట పెట్టుకోండి.

కంపెనీ సరుకు కొనగల ఆపరేటర్లందరికీ కలిపి ఒక కోటి కనెక్షన్లు. నాలుగేళ్లలో 20 శాతం, అంటే 20 లక్షలు కొత్త ప్రమాణానికి మారుతాయి. అందులో మన కంపెనీ వాటా 25 శాతం: 5 లక్షల డబ్బాలు. డబ్బా ధర 3,000తో మొదలై ఏటా పడుతూ సగటున 2,400. అమ్మకం 120 కోట్లు, స్థూల లాభం (అమ్మకంలోంచి సరుకు ఖర్చు తీస్తే మిగిలేది) 20 శాతం చొప్పున 24 కోట్లు.

ఇప్పుడు ఓఎల్‌టీ. పోర్టుకు సగటున 32 ఇళ్లు అనుకుంటే 20 లక్షల ఇళ్లకు 62,500 పోర్టులు. మన వాటా 15,625. పోర్టు 40,000 చొప్పున 62.5 కోట్లు, స్థూల లాభం 45 శాతం చొప్పున 28 కోట్లు. అమ్మకం డబ్బాల అమ్మకంలో సుమారు సగమే, లాభం ఎక్కువ. పైగా ఇళ్లల్లో డబ్బాలు పెట్టకముందే ఆపరేటర్ ఓఎల్‌టీ కొనాలి, కాబట్టి ఆ పైసలు ముందొస్తాయి. కాన్ఫరెన్స్ కాల్‌లో "ఎన్ని లక్షల డబ్బాలు పంపాం" అని గొప్పగా చెప్పి ఓఎల్‌టీ ఊసెత్తని కంపెనీని జాగ్రత్తగా చూడండి.

చాలామంది మర్చిపోయేది దీని తర్వాతి వరుస. కొత్త ప్రమాణం రాకపోయినా ఆ 5 లక్షల ఇళ్లకు పాత డబ్బాలు 1,200 చొప్పున అమ్ముడయ్యేవే: 60 కోట్లు, వాటి మీద లాభం 12 కోట్లు. అది తీసేయాలి. 24, 28 కలిపి 52, అందులోంచి 12 పోతే 40 కోట్లు. నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 10 కోట్లు. జీతాలు, పరిశోధన, వడ్డీ, పన్ను ఇంకా కట్టలేదు.

వార్త వచ్చిన వారంలో కంపెనీ మొత్తం మార్కెట్ విలువ 2,000 కోట్ల నుంచి 2,800 కోట్లకు పోయిందనుకుందాం. పెరిగిన 800 కోట్లు, ఏటా పెరిగే 10 కోట్ల స్థూల లాభానికి 80 రెట్లు. వాదనకు కూర్చున్న ఇద్దరూ ఈ వరుస దాకా వస్తే, ఇక మిగిలేది "20 శాతం కాదు 40 శాతం మారుతాయి", "వాటా 25 రాదు 10 వస్తుంది" అనే పనికొచ్చే చర్చ. మారే శాతం, వాటా, ధర: ఈ మూడింటికీ తక్కువ, మధ్య, ఎక్కువ అంకెలు పెట్టి మూడుసార్లు వేయండి. ఎక్కువ అంకెలతో కూడా నేటి ధర నిలబడకపోతే ఆగండి.

ఆరో పని: ఉద్దెర, గోదాము

నెట్‌వర్కింగ్ కంపెనీ దెబ్బతినేది చాలాసార్లు అమ్మకం దగ్గర కాదు, వసూలు దగ్గర. రావాల్సిన బాకీని ఏడాది అమ్మకంతో భాగించి 365తో గుణించండి. 90 రోజుల్లోపు ఉంటే బాగు. 180 దాటి, ఏటా పెరుగుతుంటే కంపెనీ ఉద్దెర మీద ఊపు చూపిస్తోందని అర్థం. ప్రభుత్వ సంస్థలు పెద్ద కస్టమర్లైతే వసూలు ఆలస్యమవుతుంది, దానికి బ్యాంకు వడ్డీ కంపెనీ కడుతుంది. మూడేళ్ల నికర లాభం మొత్తం, మూడేళ్ల ఆపరేటింగ్ నగదు (వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన పైసలు) మొత్తం పక్కపక్కన రాయండి. లాభం ఉండి నగదు లేకపోతే కారణం దొరికేదాకా ముందుకు పోవద్దు.

గోదాములో సరుకు ఇంకా ప్రమాదం. ప్రమాణం మారిన ఏడాది పాత ప్రమాణపు చిప్పులు, డబ్బాలు నిల్వ ఉంటే వాటి విలువ రాత్రికి రాత్రి పడుతుంది. గిరాకీ పెరుగుతూనే ఉంటుందని విడిభాగాలు ముందే పోగేసిన అమెరికా నెట్‌వర్కింగ్ కంపెనీ సిస్కో 2001లో 225 కోట్ల డాలర్ల నిల్వను ఒక్క త్రైమాసికంలో రద్దు రాసుకుంది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు.

ఒక్క ఆర్డర్ మీద నిలబడిన ఆదాయం ఎట్లా ఉంటుందో మన దగ్గర టెలికాం పరికరాలు చేసే తేజస్ నెట్‌వర్క్స్ లెక్కల్లో చూడవచ్చు. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ పరికరాల సరఫరాతో 2024-25లో ఆదాయం సుమారు 8,900 కోట్లు. ఆ సరఫరా ముగింపుకు వచ్చాక 2025-26 మొదటి త్రైమాసికంలో సుమారు 200 కోట్లు, నష్టం కూడా. ఉబ్బిన ఏడాది లాభానికి పీఈ (షేరు ధర ఒక్కో షేరు లాభానికి ఎన్ని రెట్లు అన్న లెక్క) కట్టి "షేరు చవక" అన్నవాళ్ల లెక్క ఇట్లాంటి చోటే తిరగబడుతుంది. ఆర్డర్లతో నడిచే కంపెనీకి నాలుగైదేళ్ల సగటు లాభం మీద పీఈ కట్టండి.

ఆర్డర్ ప్రకటన చదివేటప్పుడు మాటలు పట్టి చూడండి. "తక్కువ ధర కోట్ చేసినవారిగా నిలిచాం" అంటే టెండర్ భాషలో ఎల్‌1, ఆర్డర్ ఇంకా రాలేదు. "ఉద్దేశ పత్రం అందింది" అంటే సగం దారి. "పర్చేజ్ ఆర్డర్" వచ్చాక కూడా విలువ ఎంత, ఎన్నాళ్లలో పూర్తి చేయాలి, ప్రమోటర్లకు సంబంధం ఉందా అన్నవి ప్రకటనలో ఉండాలి. 500 కోట్ల ఆర్డర్ ఐదేళ్లకైతే అది ఏడాదికి వంద కోట్లే.

ప్రమాణంలో చోటు దొరికినా గెలుపు కాదు

వాదనలో ఎవరైనా "మన కంపెనీ టెక్నాలజీనే ప్రమాణంలో పెట్టారు" అంటే ఈ రెండు పేర్లు గుర్తుంచుకోండి.

మొదటిది అమెరికా మోడెం కంపెనీ హేస్. ఫోన్ తీగ మీద నడిచే మోడెంకు ఆదేశాలిచ్చే ఏటీ కమాండ్లు దానివే. ప్రపంచమంతా వాటినే వాడింది. 56 కె (సెకనుకు 56 కిలోబిట్ల) వేగం వచ్చినప్పుడు ఎక్స్2, కె56ఫ్లెక్స్ అని రెండు పొత్తులేని పద్ధతులు పుట్టాయి. ఏది గెలుస్తుందో తెలియక కొనేవాళ్లు ఆగారు. 1998లో వి.90 పేరుతో ఒకే ప్రమాణం కుదిరింది. ఇగ పండగే అనుకోవాల్సిన ఆ ఏడే, అక్టోబర్‌లో, హేస్ దివాలా పిటిషన్ వేసింది. ప్రమాణం ఒకటయ్యాక ఏ మోడెం కొన్నా ఒకటే అయింది, ధరలు కూలాయి.

రెండోది కేబుల్ మోడెంల కంపెనీ టెరయాన్. సిగ్నల్ పంపే దాని ఎస్-సీడీఎంఏ పద్ధతికి కేబుల్ మోడెంల ప్రమాణం డాక్సిస్ 2.0లో నిజంగానే చోటు దక్కింది. కానీ అదే ప్రమాణంలో పోటీ పద్ధతి కూడా ఉంది, రెండూ చేసే చిప్పులు వేరేవాళ్లు అమ్మారు. 2007లో మోటరోలా టెరయాన్‌ను సుమారు 14 కోట్ల డాలర్లకు కొనేసింది.

మినహాయింపు ఒకటుంది. ప్రమాణానికి తప్పనిసరైన పేటెంట్లు చేతిలో ఉండి, అమ్మిన ప్రతి పరికరం మీద రాయల్టీ వసూలు చేసే కంపెనీ. అమెరికా చిప్పుల కంపెనీ క్వాల్‌కామ్‌కు లైసెన్సింగ్ ఒక ప్రత్యేక సెగ్మెంట్‌గా నివేదికలోనే కనిపిస్తుంది. మీ కంపెనీ నివేదికలో రాయల్టీ వరుస ఆదాయం వైపు ఉందా, ఖర్చు వైపు ఉందా చూడండి. ఖర్చు వైపు ఉంటే కొత్త ప్రమాణంతో అది కట్టేవాళ్ల జాబితాలోనే ఉంది.

కొనేముందు, కొన్నాక

అమెరికా షేర్లయితే అక్కడి కేబుల్ కంపెనీల డాక్సిస్ 4.0 విడిగా చదవాలి. పేరు ఒక్కటే, దారులు రెండు: కామ్‌కాస్ట్ ఫుల్ డూప్లెక్స్ (ఒకే స్పెక్ట్రమ్‌లో రెండు వైపులా ఒకేసారి పంపే పద్ధతి) వైపు పోయింది, చార్టర్ 1.8 గిగాహెర్ట్జ్ దాకా స్పెక్ట్రమ్ పెంచే వైపు పోయింది. ఏ దారికి ఎవరు సరఫరా చేస్తున్నారో తెలియకుండా "4.0 షేరు" అంటూ ఏదీ లేదు. డబ్బు పంపడానికి ఆర్‌బీఐ వారి ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఏడాదికి మనిషికి 2.5 లక్షల డాలర్ల హద్దు, పెట్టుబడికి 10 లక్షల రూపాయలు దాటినదాని మీద 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే వసూలు చేసే పన్ను) ఉన్నాయి. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపడం మరవద్దు.

మన షేర్ల మీద 12 నెలలు దాటాక అమ్మితే ఏడాదిలో 1.25 లక్షలు మించిన లాభానికి 12.5 శాతం, లోపే అమ్మితే 20 శాతం పన్ను. వార్త మీద కొని వారంలో అమ్మేవాళ్లు ఈ 20ని తమ లెక్కలో కలుపుకోవాలి.

చిన్న కంపెనీ షేరు వరుసగా అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో పెరగడానికి ఎక్స్చేంజీ పెట్టిన హద్దు) కొడుతుంటే వెంటపడి కొనకండి. అదే షేరు దిగేటప్పుడు లోయర్ సర్క్యూట్‌లో కొనేవాడు ఉండడు, మీ ఆర్డర్ రోజుల తరబడి వరుసలోనే ఉంటుంది. ఒక్క నెట్‌వర్కింగ్ షేరులో మొత్తం పెట్టుబడిలో 5 శాతం మించకుండా ఉండటం మంచిది, ఎందుకంటే ఒక టెండర్ రద్దుతో సగం విలువ పోయే రంగం ఇది.

కొన్న రోజు నోటుబుక్కులో మూడు వరుసలు రాసి తేదీ వేయండి: ఏ త్రైమాసికంలో మొదటి ఓఎల్‌టీ అమ్మకం కనిపించాలి, బాకీ రోజులు ఎంత దాటితే అమ్మేస్తారు, వాటా ఎంతకంటే పడితే లెక్క తప్పినట్టు. త్రైమాసిక ఫలితాలు 45 రోజుల్లో, ఏడాదివి 60 రోజుల్లో రావాలి. అంటే ఆగస్టు, నవంబర్, ఫిబ్రవరి నెలల 14 నాటికి, మే 30 నాటికి కొత్త అంకెలు మీ చేతిలో ఉంటాయి. ఆ నాలుగు రోజుల్లో ఐదో పనిలోని లెక్క మళ్లీ వేయండి. మధ్యలో ధర ఎంత ఊగినా, కొత్త అంకె రాకుండా లెక్క మార్చకండి.